తల్లిగారి ఊరి మీదికి దండు

తమ్ముడి కొత్త ఇంట్లో పొంగిన పాలను పారబోయించి, గిన్నె తోమించి, పొయ్యి తుడిపించి, మళ్ళీ మొదటి నుంచి పొంగించిన ఆడది మా వైపు ఒక్కతే ఉంది. ఆమె పేరు స్వరాజ్యం. నాలుగేళ్ళ కిందటి సంగతి ఇది. నేను అక్కడే గోడకు ఆనుకొని కూర్చుని చూశాను, ఎవరో చెప్పగా విన్నది కాదు.

స్వరాజ్యం నాకు కోడలి వరస. ఆమె మామ మా పెద్దనాన్న కొడుకు. ఇబ్రహీంపట్నంలో వాళ్ళ ఇంటికీ మా ఇంటికీ నడుమ ఒక్క గోడే అడ్డం. మా ఆయన పోయాక నేను తల్లిగారింటికే తిరిగొచ్చి ఉంటున్నాను. యశోదమ్మ అని పేరు పెట్టి పిలిచేవాళ్ళు ఇప్పుడు ఎవరూ మిగల్లేదు గానీ అత్తమ్మా అని పిలవడానికి స్వరాజ్యం ఉంది. అది చాలు.

కొత్త ఇంట్లో మొదటి పాలు పొంగించవలసింది ఆ ఇంటి ఆడబిడ్డ. తిరుమల్‌రెడ్డి మీర్‌పేట్‌లో ఇల్లు కట్టుకున్నాడు. అతనికి ఉన్నది ఒక్క అక్క, ఈ స్వరాజ్యమే. ముహూర్తం పొద్దున ఆరున్నరకు. ఆమె భర్త బాల్‌రెడ్డికి ఆ రోజు నాట్లు ఉండి సాయంత్రం వస్తానన్నాడు. మేమిద్దరం ఐదింటికే షేర్ ఆటో ఎక్కాము. తుర్కయాంజాల్ దగ్గర ఒక లారీ రోడ్డుకు అడ్డంగా ఆగిపోయింది. అటు కదలదు, ఇటు కదలదు. దిగి నడిచి, ఇంకో ఆటో పట్టుకొని, చేరేసరికి ఏడు కావొచ్చింది. లోపల పాలు పొంగిపోయాయి. ఆ పాలతో బెల్లం బువ్వ కూడా వండి దించారు. పొంగించింది ఎవరంటే, తిరుమల్ భార్య వైశాలికి సొంత అక్క. ముహూర్తం దాటిపోతుందని పూజ చేయించే అయ్యగారు తొందర పెట్టాడని అన్నారు. అది వాళ్ళ మాట.

స్వరాజ్యం అరవలేదు. అరిచి గెలిచినవాళ్ళను నేను ఇంతవరకు చూడలేదు, ఆమెకు కూడా అది తెలుసు. తెచ్చిన బట్టల పళ్ళెం ఒళ్ళో పెట్టుకొని వంటింటి నడుమ కింద కూర్చుంది. ఎవరు ఏం చెప్పాలనుకుంటే అది చెప్పమంది. అయ్యగారు చెప్పాడు. వైశాలి చెప్పింది. వైశాలి తల్లి చేతులు తిప్పుతూ చాలాసేపు చెప్పింది. తిరుమల్ ఏదో గొణిగాడు. ఒక్కొక్కరు ఆపినప్పుడల్లా ఈమె, అయిపోయిందా ఇంకేమన్న ఉన్నదా అని అడిగింది. మధ్యలో ఒక్కరి మాటకూ అడ్డం పోలేదు. అందరి దగ్గరా ఉన్నవి అయిపోయాక తన మాట చెప్పింది.

"నేను పొంగియ్యని పాలతోని ఒండిన బువ్వ నేను ముట్ట. నేను ముట్టనిది మా అమ్మ నాయినల ఫొటోకు ఎవలు పెడ్తరో పెట్టుండ్రి. నేను ఈడనే కూసొని చూస్త."

చచ్చిపోయిన తల్లిదండ్రుల ఫొటో ఎదురుగా గోడకు ఉంది. దండ కూడా వేసి ఉంది. పళ్ళెం పట్టుకొని దాని ముందుకు పోయే ధైర్యం ఎవరికి ఉంటుంది?  చివరికి వైశాలి తల్లే గిన్నె ఎత్తి పాలూ బువ్వా పారబోసింది. రెండోసారి పాలు స్వరాజ్యం చేతి మీద పొంగాయి. నాకు ఎంత సంతోషమైందంటే, ఆ బువ్వ రెండుసార్లు పెట్టించుకొని తిన్నాను.

అయితే ఆమె గెలిచింది ఏమిటో నాకు ఇప్పటికీ సరిగ్గా తెలియదు. పాలు పొంగుతున్నప్పుడు తిరుమల్ కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడ్డాడు. వైశాలి అక్క తినకుండా వెళ్ళిపోయింది. ఆ రోజు నుంచి అక్కాతమ్ముళ్ళకు మాటల్లేవు. ఆ ఏడు స్వరాజ్యానికి ఒడిబియ్యం పోయవలసిన ఏడు. పెళ్ళయిన ఆడపిల్లకు బేసి ఏళ్ళలో తల్లిగారు పసుపు కలిపిన బియ్యం ఐదు సేర్లు, ఎండుకొబ్బరి కుడుకలు, పోకలు, చీర, రవికె గుడ్డ కొంగులో పోసి పంపుతారు. తల్లిదండ్రులు లేకుంటే ఆ పని తమ్ముడిది. ఆ బియ్యం వస్తున్నంత కాలం ఆమెకు వెనక ఒక ఇల్లు ఉన్నట్టు. తిరుమల్ పిలవలేదు, తేలేదు. ఈమె అడగలేదు. రాఖీ పున్నమి నాడు ఊరంతా తమ్ముళ్ళ ఇళ్ళకు పోతుంటే ఈమె పొద్దున్నే షాపు తెరిచి కూర్చుంటుంది.

ఆ షాపు శేరిగూడలో ఉంది, ఇంజనీరింగ్ కాలేజీల రోడ్డు మీద. జిరాక్సు, టైపింగు, బైండింగు చేస్తుంది. స్వరాజ్యం ఆరుట్లలో పుట్టింది, పదో తరగతి పాసయింది, పద్దెనిమిదేళ్ళకు బాల్‌రెడ్డిని చేసుకొని ఇక్కడికి వచ్చింది. బాల్‌రెడ్డి మంచివాడే. వాన పడిందా అని అడిగితే పడ్డట్టూ ఉంది పడనట్టూ ఉంది అనే రకం మంచివాడు. అలాంటి మనిషితో ఇల్లు నడవాలంటే ఇంకొకరు గట్టిగా ఉండాలి. ఆమె టైపు నేర్చుకుంది. తిరుమల్ అప్పుడు అక్క ఇంట్లోనే ఉండి డిగ్రీ చదువుతున్నాడు. మూడేళ్ళు ఉన్నాడు. వాళ్ళ ఇంట్లో కూర నచ్చకపోతే గోడ దాటి మా ఇంటికొచ్చి తినేవాడు. నేను సర్వపిండి చేస్తే వాసనకే వచ్చేవాడు. అక్కకు షాపు పెట్టించింది, కంప్యూటరు కొనిపించి తీగలు కలిపింది అతనే.

షాపులో స్వరాజ్యం పద్ధతి ఏమిటంటే, ముందు వచ్చినవాళ్ళకే ముందు. పరీక్షల ముందు ఇంజనీరింగ్ పిల్లలు రికార్డులు పట్టుకొని ఎగబడతారు. బస్సు పోతుందనో, సారు వెళ్ళిపోతాడనో నూరు సాకులు చెబుతారు. ఈమె కళ్ళద్దాల మీద నుంచి ఒక్కసారి చూస్తుంది, అంతే, వెనక్కి పోయి నిలబడతారు. ఒకసారి ఒక లెక్చరర్ వచ్చి తనకు ముందు చేయమంటే, సార్లు నేర్పితేనే గద పిలగాండ్లు లైన్ల నిలబడేది అన్నది. ఆయన కూడా పోయి లైన్లో నిలబడ్డాడు.

పరీక్షలు లేనప్పుడు షాపులో ఈగలు కూడా ఉండవు. మధ్యాహ్నం నేను అక్కడికి పోతాను. మోకాళ్ళు బాగాలేవు గానీ ఆటో షాపు ముందే ఆగుతుంది, లోపల కూలర్ ఉంటుంది. కంప్యూటర్లో ఆమె ఆడే ఆటను నేను మొదట చూసింది అట్లాగే.

చూస్తే పటం. తేనెతుట్టెలో గదుల్లాగా అన్నీ ఆరు మూలల గళ్ళు. కొన్ని గళ్ళు పచ్చగా, కొన్ని ఇసుకగా, చుట్టూ నీళ్ళు. మొదట ఒక మనిషి, ఒక బండి ఉంటాయి. బండి ఎక్కడ దింపితే అక్కడ ఊరు లేస్తుంది. ఊరు పెరిగితే గడ్డపారవాళ్ళు పుడతారు, గుర్రాలు పుడతాయి, తర్వాత ఫిరంగులు పుడతాయి. ఎవరూ కనరు, ఎవరూ పాలివ్వరు, పుడతాయి అంతే. ఉరికే ఆట కాదు ఇది. ఆగి ఆగి ఆడే ఆట. నీ మనుషులను జరిపి, కట్టేవి కట్టి, కింద మూలనున్న బటన్ నొక్కాలి. అప్పుడు అవతలివాళ్ళ వంతు. వాళ్ళు తీరిక చూసుకొని ఆడి నొక్కితే మళ్ళీ నీ వంతు. రోజుకొకటి. ఒక్క నొక్కుకు అందులో పదేళ్ళు పోతాయట. బాల్‌రెడ్డికి రెండు మడులు నాటడానికి వారం పడుతుంది, ఇక్కడ వీళ్ళు చాయ్ చల్లారేలోపు రాజుల కాలం దాటిపోతున్నారు. అది ఎట్లా అని అడిగితే, అట్లానే అన్నది స్వరాజ్యం.

అవతల ఎవరున్నారని అడిగాను. కళ్ళు తిప్పకుండా తమ్ముడు అన్నది.

"మీకు మాటల్లేవు కదనే."

"మాట్లాడం అత్తమ్మ. ఆడుతం."

నేను ఆ రోజు ఇంటికి పోయి అన్నం తింటూ కూడా ఆలోచించాను. పండక్కు పలకరించుకోరు. జ్వరమొస్తే అడగరు. కానీ రోజూ ఒకరి ఊరి మీదికి ఒకరు గుర్రాలు తోలుకుంటారు. దీన్ని పగ అనాలా, ఇంకేమైనా అనాలా? తర్వాత ఆమే చెప్పింది. గృహప్రవేశానికి ముందు నుంచే ఇద్దరూ ఈ ఆట ఆడుతున్నారట, తిరుమలే నేర్పాడు. పాల గొడవ జరిగిన మరునాడు ఆట తీసేద్దామని కంప్యూటర్ తెరిస్తే, అప్పటికే వాడు తన వంతు ఆడి పెట్టి ఉన్నాడట. వంతు వచ్చాక ఆడకపోతే ఓడినట్టు కదా. అందుకని ఆడింది. ఇన్నేళ్ళుగా అదే సాగుతున్నది.

ఆ మొదటి ఆటలో తిరుమల్ గెలిచాడు. ఎట్లా గెలిచాడంటే, ఓడిపోయే దశలో సంధి అడిగాడు. పోరు ఆపుదామని అందులో కాగితం పంపొచ్చు. అక్క కదా, కరిగింది, ఒప్పుకుంది, దండును వెనక్కి పిలిచి వేరే దిక్కుకు పంపింది. వాడు అదను చూసి వెనక నుంచి ఓడలు తెచ్చి మూడు ఊళ్ళు గుంజుకున్నాడు. అడగంగనే ఇచ్చింది నువ్వు, తప్పు వానిదెట్ల అయితది అన్నాను నేను. రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

రెండో ఆట మొదలై రెండేళ్ళు దాటింది. ఇందులో ఆరుగురు రాజులు. నలుగురిని మిషనే ఆడిస్తుంది, మిగిలినవాళ్ళు వీళ్ళిద్దరు. స్వరాజ్యం తన రాజధానికి శేరిగూడ అని పేరు పెట్టుకుంది, తిరుమల్ మీర్‌పేట్ అని పెట్టుకున్నాడు. గెలవడానికి దారులు చాలా ఉన్నాయట. చదువులు పెంచి చంద్రుడి మీదికి పోతే గెలుపు. గుళ్ళు కట్టి అందరినీ తన దేవుడికి మొక్కిస్తే గెలుపు. పాటలు, బొమ్మలు చేసి లోకమంతా మెచ్చుకునేట్టు చేసినా గెలుపేనట. చివరిది, మిగతా రాజుల రాజధానులన్నీ గుంజుకుంటే గెలుపు. గుళ్ళు కట్టి గెలవచ్చు కదా, పుణ్యం కూడా వస్తుంది అన్నాను. గుళ్ళు కడుతూ కూర్చుంటే తమ్ముడు చంద్రుడి మీదికి పోతాడు అన్నది. వాడు ఆ దారిలో ఉన్నాడట. సరే, అయితే గుంజుకో అన్నాను. నేనేం చెప్పానో నాకే తెలియదు.

ఒక్కో రాజునే గుంజింది. తొందర లేదు. ఫిరంగులను ముందు పెట్టి, వెనక గుర్రాలను పెట్టి, ఊరిని చుట్టుముట్టి, గోడలు కూలేదాకా రోజుకొక దెబ్బ కొట్టింది. ఊరు చేతికొచ్చినప్పుడు మిషన్ అడుగుతుంది, ఉంచుకుంటావా, కాల్చేస్తావా, వెనక్కి ఇచ్చేస్తావా అని. ఆమె ఎప్పుడూ ఉంచుకుంటానని నొక్కింది. నలుగురు రాజులు పోయారు. నేను మొదట్లో చచ్చిన సిపాయిలను చూసి అయ్యో అనుకునేదాన్ని. మళ్ళీ వారం లోపల అటువంటివాళ్ళే పుడుతున్నారని తెలిసి మానేశాను.

ఈ శ్రావణంలో ఆమె దండు మీర్‌పేట్ చేరింది. మూడు దిక్కుల ఫిరంగులు, నాలుగో దిక్కు నీళ్ళలో ఓడలు. గోడ ఇంకొక్క దెబ్బకు కూలుతుంది. అది కూలితే ఆట అయిపోయినట్టు, లోకమంతా ఆమెది. మరునాడు నేను భోజనం కూడా తొందరగా ముగించుకొని పోయి కుర్చీ దగ్గరికి జరుపుకున్నాను. పాలు పారబోయించిన రోజులాంటి రోజు మళ్ళీ చూస్తానని నా ఆశ.

స్వరాజ్యం పటం తెరిచింది.  కళ్ళద్దాలు తీసి కొంగుతో తుడిచి మళ్ళీ పెట్టుకుంది.

ఏమైందని అడిగాను. ఊరి పేరు మార్చాడన్నది. నిన్నటిదాకా మీర్‌పేట్ అని ఉన్నచోట ఇప్పుడు ఆరుట్ల అని ఉందట. నాకు ఇంగ్లీషు అక్షరాలు రావు, వేలు పెట్టి చూపించింది. ఆరుట్ల అంటే వాళ్ళు పుట్టిన ఊరు. అక్కడ ఇప్పుడు వాళ్ళకు ఇల్లు లేదు. గోడలు కూలి, దూలాలు ఎవరో పట్టుకుపోయి, తుమ్మచెట్లు మొలిచాయి. పేరు మారిస్తే గోడ గట్టిపడుతుందా అని అడిగాను. పడదన్నది. సిపాయిలు పెరుగుతారా అన్నాను. పెరగరన్నది. అయితే కొట్టు అన్నాను.

కొట్టలేదు. ఒక ఫిరంగిని ఒక గడి పక్కకు జరిపింది. బటన్ నొక్కింది. మరునాడు దాన్నే మళ్ళీ వెనక్కి జరిపింది. నొక్కింది. ఆ మరునాడు ఓడను జరిపింది. అవతల తిరుమల్ కూడా ఏమీ చేయలేదు. ఒక గడ్డపారవాడిని అటూ ఇటూ నడిపిస్తున్నాడు. ఇట్లా తొమ్మిది రోజులు గడిచాయి. అంత పెద్ద దండు తిండి లేకుండా, తిట్టు లేకుండా ఊరి చుట్టూ ఊరికే కూర్చుంది. నాకు ఒళ్ళు మండింది. ఆమెకు భయం పట్టుకున్నదా అనుకున్నాను. ఉండబట్టలేక ఒకరోజు అడిగేశాను.

"మీర్‌పేట్ ఇంట్ల అందరి ముంగట కూసున్నదానివి, గీ బొమ్మల ఊరిని ముట్టనీకి భయపడ్తున్నవా?"

ఆమె నా దిక్కు తిరిగి కూర్చుంది.

"అప్పుడు అది వాని ఇల్లు అత్తమ్మ. ఇది తల్లిగారి ఊరు. తల్లిగారి ఊరి మీదికి దండెట్ల తీస్కపోతరు?"

నేనన్నాను, వాడు రాస్తే అది ఆరుట్ల అయిపోతుందా, నేను మా మేకకు కలెక్టర్ అని పేరు పెడితే అది సంతకాలు పెడుతుందా అని. ఆమె నవ్వలేదు. నేను కూడా ఇంటికి పోయాక నవ్వలేకపోయాను. ఒడిబియ్యం పోయించుకొని బయలుదేరేటప్పుడు ఆడపిల్ల కొంగులోంచి మూడు పిడికిళ్ళు తీసి తల్లిగారింట్లోనే వేసి వస్తుంది, ఆ ఇల్లు నిండుగా ఉండాలని. నేనూ వేసి వచ్చినదాన్నే. అటువంటి చేత్తో ఆ పేరున్న ఊరి మీద, అది బొమ్మదైనా సరే, కాల్చే బటన్ పక్కనే ఉన్న బటన్ నొక్కాలంటే, నొక్కుతానా? నొక్కుతాననే అనుకున్నాను. తర్వాత నొక్కననుకున్నాను. చివరికి అది ఆట అని నాకు నేనే చెప్పుకొని పడుకున్నాను.

పేరు ఎందుకు మార్చాడు అన్నదే అసలు చిక్కు. వాడు అక్క గుణం తెలిసినవాడు. గోడకు బదులు ఆ పేరు అడ్డం పెట్టుకొని వెనకాల చంద్రుడి మీదికి పోయే బండి కట్టుకుంటున్నాడేమో. లేకపోతే నిజంగానే అక్కకు ఏదో చెబుతున్నాడేమో. నాలుగేళ్ళు నోరు పెగలనివాడికి మాటలు ఎక్కడి నుంచి మొదలుపెట్టాలో తెలియక ఊరి పేరుతో మొదలుపెట్టాడేమో. బాల్‌రెడ్డిని అడిగితే రెండూ కావచ్చన్నాడు. అతన్ని అడగడం నాదే తప్పు.

పదో రోజు, అంటే నిన్న, నేను పోయేసరికి షాపు షట్టరు సగం దించి ఉంది. లోపల స్వరాజ్యం చేతులు ఒళ్ళో పెట్టుకొని కంప్యూటర్ ముందు కూర్చుంది. పటం నడుమ ఒక కాగితం లాంటిది తెరుచుకొని ఉంది. సంధి అడిగాడు అన్నది. నాకు వెంటనే ఓడలు గుర్తొచ్చాయి. మళ్ళీ అదే దొంగపని అన్నాను. తొందరపడకు, కింద చూడు అన్నది. కింద ఏదో కుప్ప బొమ్మ, దాని పక్కన ఒక మూట బొమ్మ ఉన్నాయి. ఆ ఆటలో ఒక రాజు ఇంకొక రాజుకు తన దగ్గర పండినవి పంపుకోవచ్చట. సంధితో పాటు వాడు అవి పంపాడు.

"ఏంటియవి?"

"బియ్యం. ఐదు."

"ఐదెందుకు?"

"నాకేం తెలుసు. ఐదు పంపిండు. ఇంకోటి పట్టు. చీర బట్ట."

బదులుగా ఏం అడిగాడని అడిగాను. ఏమీ అడగలేదట. ఇచ్చేదాని పక్కన అడిగేది రాసే చోటు ఖాళీగా ఉంది.

నేను కుర్చీలో కూర్చున్నాను.  ఐదు బియ్యం, ఒక చీర, శ్రావణ మాసం, బేసి ఏడు. ఎవరికైనా ఏం తోస్తుందో నాకూ అదే తోచింది. కానీ అది ఎట్లా అవుతుంది? ఒడిబియ్యమంటే ఆడదాన్ని పీట మీద తూర్పు ముఖంగా కూర్చోబెట్టి, కొంగు పట్టించి, ఐదుగురు ముత్తైదువలను పిలిచి పోయాలి. పసుపు కలపాలి. కంప్యూటర్‌లో పోస్తారా? ఆమెకు కూడా నా మనసులో మాట తెలిసినట్టే ఉంది, నా నోటి దిక్కే చూస్తున్నది. ఏదో ఒకటి అనాలి కదా.

"మరి కుడుకలేవి?" అన్నాను.

"గందులో కుడుకలు దొరకయ్ అత్తమ్మ."

ఆ మాట చాలా మెల్లగా అన్నది. అప్పుడు తెలిసింది నాకు, నేను రాకముందే ఆమె అందులో దొరికేవన్నీ వెతికి చూసుకున్నదని. పసుపు కూడా దొరకదట. మిరియాలు లాంటి ఏవో దినుసులు ఉన్నాయట, అవి తిరుమల్ రాజ్యంలో పండవట. వాడి దగ్గర ఉన్నవాటిలో ఇవ్వగలిగింది ఇచ్చాడో, లేక ఊరికే చేతికందినవి పంపాడో.

ఒప్పుకుంటే ఏమవుతుందని అడిగాను. పది వంతుల దాకా పోరు ఉండకూడదు, ఆమె దండు తనంతట తాను హద్దు బయటికి వెళ్ళిపోతుంది. ఆలోపు వాడు చంద్రుడి మీదికి పోతే వాడిదే గెలుపు. ఒప్పుకోకపోతే ఇప్పుడే ఒక్క దెబ్బ, ఆమెదే గెలుపు. అయితే రెండూ వద్దు, నొక్కకుండా ఊరుకో, నాలుగు రోజులు చూద్దాం అన్నాను. అది కూడా కుదరదట. మొదటి ఆటలో ఒకరు వంతు నొక్కకుండా ఇంకొకరిని వారాల తరబడి కూర్చోబెట్టారని, ఈసారి మూడు రోజుల గడువు పెట్టుకున్నారు. మూడు రోజుల్లో నొక్కకపోతే ఆమె బదులు మిషన్ ఆడుతుంది. మిషన్ చేతికి దండు పోతే అది ఆగదు, ఎదురుగా కూలబోయే గోడ ఉంటే కొడుతుంది.

"దానికి తల్లిగారిల్లు తెల్వది" అన్నది స్వరాజ్యం.

ఫోన్ చేసి అడగరాదా అన్నాను. అంత తేలిక మాట నాకు తోచింది, ఆమెకు తోచదా? తిరుమల్ ఎల్‌బీ నగర్‌లో ఒక ఇన్సూరెన్స్ ఆఫీసులో పొద్దంతా ఫోన్లు మాట్లాడే కొలువు చేస్తాడు. ఫోన్‌లో వాడు అందరికీ ఒకేలాగా తీయగా మాట్లాడతాడు, ఏది నిజమో ఏది కొలువో తెలియదు అన్నది. పైగా అడిగితే ఏమని అడగాలి? నువ్వు పంపింది ఒడిబియ్యమా అనా? కాదని వాడు నవ్వితే? వైశాలికి చెప్పి ఇద్దరూ నవ్వితే? నలభై తొమ్మిదేళ్ళ ఆడది కంప్యూటర్ ముందు కొంగు పట్టుకొని కూర్చుందని మీర్‌పేట్ అంతటికీ తెలుస్తుంది. పోయినసారి సంధికి ఒప్పుకొని మూడు ఊళ్ళు పోగొట్టుకుంది. ఈసారి పోయేది ఊళ్ళు కాదని నాకు అర్థమైంది. వాడు నిజంగా పంపి ఉంటే, ఈమె వద్దని ఆ గోడ కూలగొడితే, ఇంకొకసారి పంపడు. అది కూడా అర్థమైంది.  

ఆమే అన్నది. ఆ రోజు నేను అట్ల కూసోకపోతే అయిపోతుండె అని. ఆ మాట నేను ఎప్పుడూ వినలేదు ఆమె నోట. నాకు నచ్చలేదు. నువ్వు కూసున్నదే సరి, పాలు పొంగిచ్చుడు నీ హక్కు, దానికి ఇప్పుడు ఏడ్వకు అని గట్టిగానే అన్నాను. ఏడుస్తలేను అన్నది. నిజమే, ఏడవడం లేదు. ఎవరో పిల్ల వచ్చి షట్టరు కింద నుంచి వంగి, ఆంటీ రెండు పేజీలు ప్రింట్ అని అడిగింది. లేచి పోయి తీసిచ్చింది, చిల్లర ఇచ్చింది, స్టేపుల్ కొట్టిచ్చింది. మళ్ళీ వచ్చి కూర్చుంది. కాగితం అట్లాగే తెరిచి ఉంది, బియ్యం కుప్ప, పట్టు మూట.

అప్పుడు నా చేయి పట్టుకుంది. మా ఇద్దరికీ అటువంటి అలవాటు లేదు.

"రేపు పొద్దుగాల మీర్‌పేట్ పొయి రా అత్తమ్మ. నేను తోలిచ్చిన్నని చెప్పకు. దవాఖానకు వచ్చిన, మీ ఇల్లు దగ్గర్నే గద అని చెప్పు. ఆట మాట ఎత్తకు, బియ్యం మాట ఎత్తకు. వాడు ఆఫీసుకు పొయ్యే ముందు జర సేపు వాని ఎదురుంగ కూసొని మొఖం చూడు. మూడేండ్లు నీ చేతి అన్నం తిన్నడు, నీకు తెలుస్తది. నవ్వుతున్నడో, నిజంగనే పంపిండో చూసొచ్చి నాకొక్క మాట చెప్పు, నువ్వొచ్చేదాక నేను బటన్ ముట్ట. వైశాలి చాయ్ ఇస్తే తాగు. వద్దనకు."